అటక మీద 342 కాపీలు: ప్రాజెక్టు డైరీ

మా పిన్ని రాసిన కథల పుస్తకాన్ని ఫోను ద్వారా పాఠకుల దగ్గరికి చేర్చే పని ఇది. పిన్ని ఉండేది గుంటూరు బ్రాడీపేటలో. రెవెన్యూ శాఖలో గుమస్తాగా చేరి, సీనియర్ అసిస్టెంటుగా రిటైరైంది. నేను విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటాను, సెలవు దొరికినప్పుడు వెళ్లి వస్తుంటాను. రాయడం, చదవడం ఆవిడ వంతు. ఫైళ్లు, ఖాతాలు, లెక్కలు నా వంతు. సొంతంగా పుస్తకం వేసుకుని ఇంట్లో కట్టలు పెట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఎక్కడ పని జరిగిందో, ఎక్కడ డబ్బు ఊరికే పోయిందో రాసిపెడుతున్నాను.

మొదట్లో ఉన్న పరిస్థితి:

1. అచ్చు వేసినవి 500. కథలు 14, పేజీలు 168, వెల 150 రూపాయలు.
2. ఆవిష్కరణ రోజు పంచినవి, విజయవాడ ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లో అమ్ముడైనవి పోగా అటక మీద 342.
3. పిన్ని ఫేస్‌బుక్ ఖాతాలో ఫోటో: గులాబీ పువ్వు.

అచ్చు ఖర్చు కింది లెక్కల్లో కలపలేదు. కలిపితే ఈ డైరీ రాయబుద్ధి కాదు.

దశ 1: అక్షరాలు

ఫోనులో ఏం పెట్టాలన్నా ముందు కథ ఫోనులోకి రావాలి. డీటీపీ షాపు నుంచి ఫైలు తెచ్చాం. పేజ్‌మేకర్‌లో, అనూ ఫాంట్లలో ఉంది. అందులోంచి ఒక పేరా కాపీ చేసి వాట్సాప్‌లో వేస్తే ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, బ్రాకెట్లు వచ్చాయి. పిన్ని చూసి, "ఇదేంట్రా, నన్నెవరో ఇంగ్లీషులో తిట్టినట్టుంది" అంది.

కారణం తెలిస్తే టెన్షన్ ఉండదు. అనూ లాంటి పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాల్లోనే తెలుగు అక్షరాల ముక్కలు దాస్తాయి. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లో అది తెలుగు, లేని చోట చెత్త. ఫేస్‌బుక్, వాట్సాప్, గూగుల్ వెతుకులాట అన్నీ యూనికోడ్ మీదే నడుస్తాయి, అంటే ఫాంటు ఏదైనా ఒక్కో తెలుగు అక్షరానికి ఒకే గుర్తింపు సంఖ్య ఉండే పద్ధతి. పీడీఎఫ్‌లోంచి కాపీ చేసినా ఇదే గతి.

చేసి చూసినవి:

1. అనూ అక్షరాల్ని యూనికోడ్‌లోకి మార్చే ఆన్‌లైన్ కన్వర్టర్. నిమిషంలో పని అయిపోతుంది. అయితే మా ఫైలులో క్రారవడి పక్క అక్షరానికి జరిగిపోయింది, వట్రుసుడి కొన్నిచోట్ల మాయమైంది, అంకెలు మారిపోయాయి. 
2. పుస్తకం పేజీలు ఫోటో తీసి గూగుల్ డాక్స్‌లో తెరవడం. బొమ్మలోంచి అక్షరాలు బాగానే పట్టింది. కానీ సంభాషణల కొటేషన్లు, పేరాల విరుపులు చెదిరిపోయాయి. 
3. ఫోనులోని గూగుల్ కీబోర్డు జీబోర్డులో నోటితో చెప్పి టైపు చేయించడం. వర్ణనకు పర్వాలేదు. పాత్రలు గుంటూరు యాసలో మాట్లాడే చోట మాత్రం అది తనకు తెలిసిన మాటలు పెట్టుకుంటూ పోయింది.

చివరికి కన్వర్టర్ ఫైలునే తీసుకున్నాం. పిన్ని అచ్చు పుస్తకం చూసి పైకి చదువుతుంటే నేను తెరమీద దిద్దాను. మధ్యలో నాకు అందని చోట్ల మళ్లీ వినడానికని ఆ చదువంతా ఫోనులో రికార్డు చేశాం. అప్పటికి దాని ఉపయోగం అంతవరకే అనుకున్నాం.

ఖర్చు: ఫైలు తీసిచ్చినందుకు డీటీపీ షాపుకి 300. మొత్తం: 300. కాపీలు: 342.

దశ 2: ఖాతాలు

త్వరగా చెప్పేస్తాను. రచయితగా పేజీ ఒకటి తెరిచాం. దాన్ని ఎవరూ చూడలేదు. పిన్నిని వెతికేవాళ్లు ఆవిడ ప్రొఫైల్‌కే వస్తున్నారు. అందుకని పేజీ వదిలేసి, ప్రొఫైల్‌లోనే ప్రొఫెషనల్ మోడ్ ఆన్ చేశాం. ఫేస్‌బుక్‌లో స్నేహితుల పరిమితి 5,000. ఈ మోడ్‌లో ఆ పరిమితితో పని లేకుండా ఎవరైనా ఫాలో కావచ్చు, పోస్టు ఎంతమందికి చేరిందో అంకెలు కూడా కనబడతాయి.

1. పేరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పెట్టాలి. ఇంటిపేరు ఇంగ్లీషులో మూడు రకాలుగా రాసుకునేవాళ్లం, అచ్చు పుస్తకం మీద ఉన్నదాన్నే ఖాయం చేశాం.
2. గులాబీ తీసేసి ముఖం పెట్టాలి. ఉదయం వరండా వెలుతురులో తీసిన ఫోటో చాలు, స్టూడియో అక్కర్లేదు.
3. రెండంచెల భద్రత ఆన్ చేసి, బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసి బీరువాలో పెట్టాలి.

మూడోది ఎందుకంటే, ఖాతా కాస్త కదలగానే "మీరు కాపీరైట్ ఉల్లంఘించారు, 24 గంటల్లో ఖాతా తీసేస్తాం, ఈ లింకు నొక్కండి" అని మెసెంజర్‌లో ఒక సందేశం దిగింది. పిన్నికి సొంత కథ మీద కాపీరైట్ కేసు! కంపెనీ మనిషినంటూ ఇలా మెసెంజర్‌లోకి వచ్చేవి దొంగ సందేశాలు. నిజంగా ఏదన్నా ఉంటే ఫేస్‌బుక్ లోపలి సపోర్ట్ ఇన్‌బాక్స్‌లో కనబడుతుంది. అక్కడేమీ లేదు. బ్లాక్ చేసేశాం.

ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ ఖాతాలు కూడా అదే పేరుతో తెరిచాం. ఇన్‌స్టాగ్రామ్ పరిచయ వాక్యానికి 150 అక్షరాలు, క్యాప్షన్‌కి 2,200 అంటారు. తెలుగులో ఆ లెక్క నమ్ముకోకూడదు. గుణింతం, పొల్లు విడివిడిగా లెక్కకొస్తాయి. "స్త్రీ" కంటికి ఒకే అక్షరం, లెక్కకు ఆరు. పిన్ని రాసిచ్చిన పరిచయంలో సగం కత్తిరించాల్సి వచ్చింది, దానికి ఆవిడ ఇంకా నన్ను క్షమించలేదు.

ఖర్చు: లేదు. మొత్తం: 300. కాపీలు: 342.

దశ 3: పోస్టర్లు

కథలోంచి మంచి వాక్యం తీసి, రంగుల వెనకతెర మీద పేర్చి పెట్టడం. అందరూ చేసేదే. మేమూ ఒక డిజైన్ యాప్‌కి నెలసరి చందా కట్టి చేశాం. కొలత 1080×1350 పిక్సెళ్లు, ఫోను తెరలో ఎక్కువ జాగా ఆక్రమిస్తుందని.

మొదటి అడ్డంకి ఒత్తులు. కొన్ని ఫాంట్లలో ఒత్తు అక్షరం కిందికి పోకుండా పక్కన నిలబడింది. ఫోటోషాప్‌లో చేసేవాళ్లకైతే టైపు సెట్టింగుల్లో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకుంటే సర్దుకుంటుంది. ఫోను యాపుల్లో ఆ వెసులుబాటు లేక ఫాంటే మార్చాం. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, గిడుగు, నోటో సెరిఫ్ తెలుగు ఉచితంగా దొరుకుతాయి. శీర్షికకు రామభద్ర, వాక్యానికి మండలి వాడాం. పల్చటి ఫాంటు తెల్ల రంగులో పెడితే చిన్న ఫోనులో కనబడదు. మా మేనత్త పాత ఫోనులో చూసి ఖాయం చేసుకోవడం మా పరీక్ష.

బాగా ఆడిన పోస్టరుకి 86 లైకులొచ్చాయి. పుస్తకం అడిగినవాళ్లు సున్నా. పిన్నికి సంతోషంగానే ఉంది. నాకు అనుమానంగా ఉంది. లైకు కొట్టినవాళ్ల జాబితా తెరిచి, పిన్నిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కరిని గుర్తుపట్టించాను:

1. తోటి రచయితలు, సాహితీ మిత్రులు: 41
2. బంధువులు: 23
3. పాత ఆఫీసు వాళ్లు: 15
4. ఎవరో తెలియనివాళ్లు: 7

మొదటి మూడు వరుసల్లో సగానికి పైగా ఆవిష్కరణ రోజే ఉచితంగా కాపీ పుచ్చుకున్నవాళ్లు. అంటే, పుస్తకం ఇంట్లో ఉన్నవాళ్లకే మళ్లీ మళ్లీ పుస్తకం చూపిస్తున్నాం. వాళ్లు మర్యాదస్తులు కాబట్టి ప్రతిసారీ "అద్భుతం మేడమ్" అంటున్నారు.

అక్కడి నుంచి లైకులు రాసుకోవడం మానేశాను. నోటుబుక్కులో రెండే గడులు: పుస్తకం అడిగిందెవరు, వాళ్లకు సంగతి ఎలా తెలిసింది.

ఖర్చు: యాప్ చందా 500. మొత్తం: 800. కాపీలు: 342.

దశ 4: డబ్బులిచ్చి చూపించడం

పోస్టు కింద కనబడే బూస్ట్ మీట నొక్కి 1,500 పెట్టాం. పైన 18 శాతం జీఎస్టీ, 270. ఇది ముందే లెక్కలో వేసుకోండి. ప్రాంతం రెండు తెలుగు రాష్ట్రాలు, వయసు 18 నుంచి 65, లక్ష్యం సందేశాలు.

సందేశాలైతే వచ్చాయి. "హాయ్", "హలో", "గుడ్ ఈవెనింగ్ ఆంటీ", "జాబ్ ఉందా మేడమ్". ధర అడిగినవాళ్లకు ధర చెబితే నిశ్శబ్దం. ఇచ్చిన డబ్బుకు సందేశాలు అడిగాం, సందేశాలే తెచ్చిపెట్టింది. దాని తప్పేం లేదు.

సగం డబ్బు మిగిలి ఉండగా ఆపి మార్చినవి: వయసు 35 పైకి జరిపాం, భాష తెలుగు పెట్టాం, చేరే చోటు మెసెంజర్ బదులు వాట్సాప్ చేశాం, పోస్టరు తీసేసి కథ మొదటి పేజీ మొత్తం పెట్టాం. పనికిరాని సందేశాలు తగ్గాయి. నాలుగు కాపీలు వెళ్లాయి. నాలుగూ మార్చిన తర్వాతే.

1,770 రూపాయలకు నాలుగు కాపీలు. మళ్లీ ఆ జోలికి పోలేదు. ఒకే పుస్తకం, 150 రూపాయల వెల ఉన్నవాళ్లకు ఈ లెక్క ఎలా చూసినా కుదరదు.

ఖర్చు: 1,770. మొత్తం: 2,570. కాపీలు: 338.

దశ 5: గొంతు

ప్రూఫు కోసం చేసిన రికార్డింగుల్లోంచి ఒక కథ, అద్దె ఇల్లు ఖాళీ చేసే రోజు కథ, పిన్ని తన చెల్లెలికి పంపింది. ఆవిడకు కళ్ల ఆపరేషన్ అయింది, చదవలేదు. ఆవిడ దాన్ని తన కోడలి వైపు వాళ్ల గ్రూపులో వేసింది. అక్కడి నుంచి ఎటు పోయిందో తెలియదు గానీ, కొన్నాళ్లకు మా ఇంటి గ్రూపులోకే తిరిగొచ్చింది, రెండు బాణాల గుర్తుతో. అంటే చాలా చేతులు మారిందని. పంపినాయన కింద రాసింది: "ఎవరు చదివారో గానీ మా అమ్మ గుర్తొచ్చింది, తప్పక వినండి."

ఎవరు చదివారో గానీ! పిన్ని ఒక పూట అన్నం తినలేదు. మేం చేయాల్సిన మార్పు ఆ మాటలోనే ఉంది. వాట్సాప్‌లో ఆడియో ఫార్వర్డ్ అయ్యేటప్పుడు మనం కింద విడిగా రాసిన పేరు, నంబరు దాంతోపాటు వెళ్లవు. గొంతులో ఉన్నదే వెళుతుంది.

పేరు ఎక్కడ చెప్పాలన్నది తేల్చుకోవడానికి టైం పట్టింది. మొదట్లో "నమస్కారమండీ, నా పేరు..." అని పెడితే రేడియో ప్రకటనలా ఉందని ఇంట్లోవాళ్లే ముందుకు జరిపేశారు. చివర్లో పెడితే అందాకా వినేవాళ్లకే తెలుస్తుంది. ఇప్పుడు చేస్తున్నది: కథ నేరుగా మొదలవుతుంది. మొదటి పేరా అయ్యాక ఒక ఊపిరి ఆగి, కథ పేరు, రచయిత పేరు, ఊరు. తర్వాత కథ సాగుతుంది. ఆఖర్న నంబరు, నెమ్మదిగా రెండుసార్లు.

గదిలో చేసిన మార్పులు:

1. ఫ్యాన్ ఆపాలి. గుంటూరు ఎండల్లో ఇది చెప్పినంత తేలిక కాదు, తెల్లవారుజామున చేసుకోవాలి.
2. బట్టల బీరువా తలుపులు తెరిచి దానికెదురుగా కూర్చోవాలి. గోడల మోత తగ్గుతుంది.
3. కాలర్ మైకు 900 రూపాయలది. జరీ చీర అంచుకు తగిలించకూడదు, గరగరమంటుంది.
4. కుక్కర్ విజిల్ పడితే ఆ వాక్యం మొదటి నుంచి మళ్లీ చదవాలి. మధ్యలో అతికిస్తే గొంతు తేడా తెలిసిపోతుంది.

వెనకాల ఒక పాత సినిమా పాట వేద్దామంది పిన్ని. "వద్దు పిన్నీ, వాళ్ల హక్కు, తీసేస్తారు" అన్నాను. "మరి నా కథ ఊరంతా తిరిగితే ఎవరూ తీసెయ్యలేదేం?" అంది. దీనికి నా దగ్గర జవాబు లేదు.

నిడివి గురించి. పూర్తి కథ 11 నిమిషాలు. చిన్న ముక్కలైతేనే చూస్తారన్న మాట విని 90 సెకన్ల వీడియోలు కూడా చేశాం, పిన్ని ముఖం కనబడేలా. యూట్యూబ్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో చూశారు, వెళ్లిపోయారు. 11 నిమిషాల ఆడియో విన్నవాళ్లు ఫోన్ చేశారు. వంట చేస్తూ విన్నామన్నారు, బస్సులో విన్నామన్నారు. తెర చూస్తున్న మనిషికి వేలు ఖాళీగా ఉంటుంది, జరిపేస్తాడు. వంట చేసే మనిషి చేతులు తడిగా ఉంటాయి, కథ ఆపలేదు. ఇది నా సిద్ధాంతం మాత్రమే, కానీ నోటుబుక్కు దీని పక్కనే ఉంది.

పిన్ని సొంత నంబరు చెప్పడంతో ఇంకో తలనొప్పి వచ్చింది. రాత్రి పదింటికి ఫోన్లు, పొద్దున పువ్వుల బొమ్మలు, పెళ్లి సంబంధాలు కూడా. కొత్త సిమ్ తీసుకుని దాని మీద వాట్సాప్ బిజినెస్ పెట్టాం. అందులో కేటలాగ్‌లో పుస్తకం, వేళకాని వేళ వచ్చినవాళ్లకు తనంతట తానే వెళ్లే జవాబు, సంభాషణలకు రంగు లేబుళ్లు ఉంటాయి. లేబుళ్లే మా లెక్కల పుస్తకం అయ్యాయి. అడిగిన ప్రతివాళ్లనూ "ఎక్కడ విన్నారండీ?" అని అడిగి లేబుల్ వేశాం:

1. వాట్సాప్‌లో తెలిసినవాళ్లు పంపితే: 38
2. ఫేస్‌బుక్: 14
3. యూట్యూబ్: 6
4. ఇన్‌స్టాగ్రామ్: 3

మొత్తం 61 కాపీలు. ఒకే సందేశాన్ని చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితా కూడా పెట్టాం గానీ దానికో మెలిక ఉంది: జాబితాకు 256 మంది వరకే, పైగా మన నంబరు తమ ఫోనులో సేవ్ చేసుకున్నవాళ్లకే అందుతుంది. కాబట్టి పుస్తకంతో పాటు పంపే చీటీలో "ఈ నంబరు సేవ్ చేసుకుంటే కొత్త కథ వినిపిస్తాం" అని చేతిరాతతో రాశాం.

ఖర్చు: మైకు 900, సిమ్, రీఛార్జి 250. మొత్తం: 3,720. కాపీలు: 277.

దశ 6: తపాలా

ఆర్డరు తీసుకోవడానికి గూగుల్ ఫారం పెట్టాం. సగంలో ఆగిపోయేవాళ్లు. తీసేసి, వాట్సాప్‌లోనే పేరు, అడ్రసు, పిన్‌కోడ్, ఫోను నంబరు పంపమన్నాం. పిన్‌కోడ్ లేకుండా వచ్చేవే ఎక్కువ, ఇండియా పోస్ట్ సైట్‌లో వెతికి మేమే వేశాం. బ్రాడీపేట వాళ్లకు 4/7 అంటే నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డని అర్థమవుతుంది. బయటి ఊళ్ల అడ్రసులు అంత పొదుపుగా ఉండవు.

పుస్తకం బరువు 210 గ్రాములు, ప్యాకింగ్‌తో 240. పుస్తకాల కోసం 2025 మే 1న మొదలైన జ్ఞాన్ పోస్ట్‌లో 300 గ్రాముల వరకు 20 రూపాయలు, పన్ను అదనం. ప్రకటనలున్న అచ్చు సరుకు ఇందులో వెళ్లదు కాబట్టి పుస్తకాల షాపు కరపత్రం ఒకటి లోపల పెడదామనుకున్నది మానేశాం. విమానంలో కాదు, రోడ్డు, రైలు మీద వెళుతుంది. ఆలస్యమవుతుందని పాఠకుడికి ముందే చెబితే "ఇంకా రాలేదు" ఫోన్లు ఉండవు.

వానాకాలంలో రెండు కాపీలు తడిసి చేరాయి. మళ్లీ పంపాం. అప్పటి నుంచి ముందు పాల కవరు మందం ప్లాస్టిక్, దాని మీద అట్ట, ఆ పైన బ్రౌన్ కాగితం.

తపాలా, ప్యాకింగ్ కలిపి కాపీకి సుమారు 32. వెల 150లో అది పోగా చేతికి 118.

ఇప్పటిదాకా పంపిన 65 కాపీల మీద రాబడి: 7,670. మళ్లీ పంపిన ఖర్చు 64 కలిపి మొత్తం ఖర్చు: 3,784. మిగులు: 3,886. కాపీలు: 275.

దశ 7: పుస్తక మహోత్సవం

జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో ఒక స్నేహితుడి స్టాల్లో సగం బల్ల అద్దెకు తీసుకున్నాం, 2,000. (మా చిన్నప్పుడు ఈ పండగంటే స్వరాజ్య మైదానమే. అక్కడిప్పుడు 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం ఉంది, పుస్తకాలు వేరే చోటు చూసుకున్నాయి.)

కథ ఆడియోకి క్యూఆర్ కోడ్ చేసి, లామినేషన్ వేయించి నిలబెట్టాం. రెండు రకాలుగా పనిచేయలేదు. సాయంత్రం లైట్ల మెరుపు లామినేషన్ మీద పడి ఫోన్లు కోడ్‌ని పట్టలేదు. పట్టిన ఫోన్లకు జనం రద్దీలో నెట్ ఆడలేదు. మరునాడు చేసినవి:

1. లామినేషన్ లేని మందపాటి కార్డులు, జేబులో పెట్టుకుని వెళ్లేలా. 350 రూపాయలు.
2. కార్డు మీద కోడ్ కింద వాట్సాప్ నంబరు పెద్ద అంకెల్లో. "కథ అని రాసి పంపండి, కథ వస్తుంది."
3. ఒక పాత ఫోను, రెండు ఇయర్‌ఫోన్లు బల్ల మీద. నెట్ అవసరం లేకుండా అందులోనే ఆడియో.

మూడోదాని దగ్గర ఆగినవాళ్లే ఎక్కువ. ఒక పెద్దాయన నిలబడే పూర్తి కథ విని, డబ్బులిచ్చి, "మా ఇంటి ఓనరు కూడా ఇంతేనమ్మా" అని వెళ్లిపోయాడు. పిన్ని మొహం చూడాలి!

బల్ల దగ్గర 48 కాపీలు, చేతికి 120 చొప్పున: 5,760. కార్డు తీసుకెళ్లి తర్వాత తెప్పించుకున్నవి 19, 118 చొప్పున: 2,242.

మొత్తం రాబడి: 15,672. మొత్తం ఖర్చు: 6,134. మిగులు: 9,538. కాపీలు: 208.

దశ 8: నడుస్తోంది

యూట్యూబ్‌లో పెట్టిన కథలకు తెలుగు సబ్‌టైటిళ్లు వేస్తున్నాం, వినబడనివాళ్లు అడిగారని. కథ పాఠం యూనికోడ్‌లో ఉంది కాబట్టి టైపు పని లేదు, సమయాలు పెట్టడమే. అయితే పిన్ని చదివేటప్పుడు అచ్చులో ఉన్నట్టు చదవదు. "వచ్చేశాడు" అని ఉన్నచోట "వచ్చేశాడంట" అంటుంది, ఒకచోట రెండు వాక్యాలు అక్కడికక్కడే కల్పించింది. సబ్‌టైటిల్ పుస్తకం ప్రకారం ఉండాలా, గొంతు ప్రకారం ఉండాలా అని అడిగితే, "గొంతు ప్రకారమే పెట్టు, రెండో ముద్రణలో పుస్తకం మారుస్తా" అంది.

పది నిమిషాల కథకు సమయాలు పెట్టడానికి రెండు గంటలకు పైగా పడుతోంది. నాలుగు కథలు అయ్యాయి, పది ఉన్నాయి. ఇన్‌స్టాగ్రామ్ సంగతి ఆ తర్వాత చూస్తాం.